బారసూరు శిలలపై శ్లేష

రెండర్థముల మాట యనగానే నేడు మనలో పెక్కుమందికి చలనచిత్రములలోని చౌకబారు హాస్యమే తలపునకు వచ్చును. ఒకే పద్యమున రామకథను, భారతకథను నడిపించిన పింగళి సూరన చేతిలో ఆ విద్యయే మహాకావ్యమైనది. ఐనను శ్లేషను కావ్యములందే వెదకుట చాలదు. బస్తరు శాసనములందును అది కలదు.

నేటి ఛత్తీస్‌గఢ్‌లోని ఆ సీమను 11వ శతాబ్దిలో చక్రకోట్యమనెడివారు. ఏలినవారు ఛిందక నాగవంశీయులు. 'భోగవతీపురవరేశ్వర' యనునది వారి బిరుదు. భోగవతి పాతాళమందలి నాగరాజధాని. 'భోగ' మనగా పాముపడగయు, సుఖానుభవమును. తాము నాగులమని చెప్పుకొనుచునే సర్వసంపదలకు ప్రభువులమనియు చాటుకొనిరన్నమాట. అట్టి నగరమును భూపటమున వెదకువారికి శ్రమయే మిగులును. ('పరిశీలనలో నున్నది' అను మాటకు రెండర్థములు గలవని మన కార్యాలయ మిత్రులకు వేరుగ చెప్పనక్కరలేదు గదా!)

ఆ వంశమున జగదేకభూషణ ధారావర్షుడు ప్రసిద్ధుడు. ధారావర్షమనగా ఎడతెగని వాన. ధార కత్తివాదరయు నగును, దానమిచ్చునప్పుడు విడుచు నీటిధారయు నగును. పగవానికొక వాన, యాచకునకొక వాన!

ఈ రాజు సామంతుడు, తెలుగుచోడుడు చంద్రాదిత్యుడు, బారసూరున చెరువు త్రవ్వించి శివాలయము కట్టించెను. చెరువు చంద్రాదిత్యసముద్రము, దేవుడు చంద్రాదిత్యేశ్వరుడు. ఆ సంగతి తెలిపెడి 1060 నాటి శాసనము తెలుగున నున్నది. దానశాసనములందలి 'ఆచంద్రార్కము' అను మాట మనమెరిగినదే. సూర్యచంద్రులున్నంత కాలము నిలుచుగాక యను కోరికను దాత తన పేరిటనే ఇమిడ్చినట్లు నాకు తోచుచున్నది. పెద్ద చెరువును సముద్రమనుట మనవారి పరిపాటియే. కాని చంద్రుని గాంచి పొంగునది సముద్రమే గదా! ఇది చదువరి కల్పనయే యని కొందరనవచ్చును. శ్లేషకు చదువరియే సగము కర్త యని నా సమాధానము.

ఆ చదువరులు కాలక్రమమున కరవైరి. 1323లో ఓరుగల్లు పడిన పిమ్మట ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు బస్తరు చేరెనని అక్కడి రాజవంశపు కథ. ఆ వంశపు దిక్పాలదేవుడు 1703లో దంతెవాడ యందు రెండు శిలలు నిలిపెను. ఒకటి సంస్కృతము. కలియుగమున సంస్కృతము చదువువారు అరుదు గావున రెండవది భాషలో వ్రాయించినట్లు శాసనమే చెప్పుచున్నది. కాకతీయుల వారసులమని చెప్పుకొన్నవారి ఆ రెండవ శిలపై భాష తెలుగు కాదు, హిందీ.