అణు నిరాయుధీకరణ: హిబాకుషాలు, పి.వి. నరసింహారావు

అణుబాంబు దాడిలో బతికి బయటపడినవారిని జపాన్‌లో హిబాకుషాలంటారు. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద అమెరికా వేసిన బాంబులకు ఆ ఏడాది ఆఖరుకే రెండు లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. మిగిలినవారిని కాలిన గాయాలు, ఏళ్ల తర్వాత బయటపడిన రక్త క్యాన్సర్లు వెంటాడాయి. పుట్టే పిల్లలకు ఏమవుతుందోనన్న భయంతో వీళ్లతో సంబంధం కలుపుకోవడానికి చాలామంది జంకారు. అమెరికా సైన్యం ఏలుబడిలో పత్రికలపై సెన్సారు ఉండడంతో వాళ్ల గోడు తొలి ఏళ్లలో బయటికి రాలేదు.

1954 మార్చి 1న బికినీ దీవిలో అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు ధూళి ఒక జపాన్ చేపల పడవ మీద పడింది. 23 మంది జాలర్లు జబ్బుపడ్డారు, సెప్టెంబరులో ఒకరు మరణించారు. జపాన్‌లో కోట్ల సంతకాలు పోగయ్యాయి. ఏప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభలో అణు పరీక్షలు నిలిపివేయాలని కోరారు. 1956 ఆగస్టు 10న నాగసాకిలో బాధితుల సమాఖ్య నిహోన్ హిదాన్‌క్యో ఏర్పడింది.

కరీంనగర్‌తో ఈ చరిత్రకు ముడి 1982 జూన్‌లో, న్యూయార్క్‌లో పడింది. నిరాయుధీకరణపై ఐక్యరాజ్యసమితి రెండో ప్రత్యేక సమావేశానికి భారత విదేశాంగ మంత్రిగా వెళ్లిన పి.వి. నరసింహారావు పెరిగిన వంగర అప్పటి కరీంనగర్ జిల్లాలోది. ఆ జిల్లాలోని మంథని నుంచే 1957 నుంచి రెండు దశాబ్దాలు ఆయన శాసనసభ్యుడు. అణ్వాయుధ ప్రయోగాన్ని నిషేధించే ఒప్పందం, ఆయుధాల తయారీకి, పరీక్షలకు స్వస్తి: భారత్ ఆ సభ ముందు పెట్టిన ప్రతిపాదనల సారం ఇది. అదే సమావేశంలో జూన్ 24న సెంజి యమగుచి మాట్లాడారు. నాగసాకిలో బాంబు పడినప్పుడు ఆయనకు 14 ఏళ్లు, ఆయుధ కర్మాగారం ఆవరణలో గుంత తవ్వుతున్నారు. కాలిపోయిన తన ముఖం ఫొటోను సభలో ఎత్తి చూపి, ఇంకో హిబాకుషా పుట్టకూడదన్నారు. మంత్రి ప్రసంగం దౌత్య భాషలో, యమగుచిది ఒంటి మీది మచ్చల సాక్ష్యంతో సాగినా అడిగింది దాదాపు ఒకటే.

అయితే పి.వి. కథ అక్కడితో ఆగలేదు. ఆయన ప్రధానిగా ఉన్న 1995లోనే అణ్వాయుధ ప్రయోగం చట్టవిరుద్ధమని భారత్ అంతర్జాతీయ న్యాయస్థానానికి రాసి ఇచ్చింది. నవంబరులో హిరోషిమా, నాగసాకి మేయర్లు అదే విషయంపై హేగ్‌లోని ఆ న్యాయస్థానంలో వాంగ్మూలమిచ్చారు. డిసెంబరులో పోఖ్రాన్‌లో పరీక్షకు సన్నాహాలు జరుగుతున్నట్టు అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాయి. పరీక్ష జరగలేదు. న్యాయస్థానానికి అలా రాసి ఇవ్వడానికీ, పరీక్షకు సిద్ధపడడానికీ మధ్య వైరుధ్యాన్ని ఆయన అభిమానులు దూరదృష్టి అంటారు. హిబాకుషాల వైపు నుంచి చూస్తే ఆ మాట ఒప్పుకోవడం కష్టం. 1998 మేలో పరీక్షలు జరిగే నాటికి ప్రధాని వాజ్‌పేయి.

2017లో 122 దేశాలు ఆమోదించిన అణ్వాయుధ నిషేధ ఒప్పందంలో భారత్ చేరలేదు. అమెరికా అణు గొడుగు కింద ఉన్న జపాన్ కూడా చేరలేదు. హిదాన్‌క్యోకు 2024లో నోబెల్ శాంతి బహుమతి దక్కింది. 1982 నాటి ప్రయోగ నిషేధ తీర్మానాన్ని భారత్ ఏటా సర్వసభ్య సభలో పెడుతూనే ఉంది. ఓటింగులో జపాన్ తటస్థంగా ఉండిపోతుంటుంది.