లాడ్ బజార్: పాత అంగడి వీధిని నిలబెట్టేది ఏది?

గోల్కొండ కోట, చార్మినార్, చౌమహల్లా వంటి కట్టడాల గురించి మీరు ఇదివరకే చదువుకున్నారు. ఈ పాఠంలో కట్టడాన్ని పక్కన పెట్టి ఒక వీధిని చారిత్రక ఆధారంగా చదువుదాం. చార్మినార్ దగ్గర నిలబడి పడమర వైపు తిరిగితే ఎదురుగా కనిపించే ఇరుకు వీధి లాడ్ బజార్. గాజుల దుకాణాల వల్ల దీనికి చూడీ బజార్ అనే పేరు కూడా ఉంది. పొడవు సుమారు ఒక కిలోమీటరు. పాతబస్తీని పునరుద్ధరించాలన్న మాట కొన్ని దశాబ్దాలుగా ప్రభుత్వ పత్రాల్లోనూ, వార్తాపత్రికల్లోనూ వినిపిస్తూనే ఉంది. పునరుద్ధరించవలసింది దేనిని? గోడలనా, ఆ గోడల మధ్య జరిగే వ్యాపారాన్నా? ఈ రెండింటికీ కావలసిన ఖర్చు వేరు, చట్టం వేరు, లబ్ధిదారులు కూడా వేరు. అందువల్ల ఈ ప్రశ్నను విడిగా పరిశీలించడం అవసరం.

వీధి పుట్టుక

మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో చార్మినార్‌ను కేంద్రంగా చేసుకుని కొత్త నగరాన్ని నిర్మించాడు. నాలుగు దిక్కులకూ నాలుగు బాటలు, ఉత్తరాన చార్ కమాన్, దాని నడుమ గుల్జార్ హౌజ్, బాటల వెంట అంగళ్ళు. అంటే బజారు ఈ నగరానికి తరువాత వచ్చి చేరినది కాదని, మొదటి ప్రణాళికలోనే దానికి చోటుందని గ్రహించాలి. కొత్త నగరంలో 14 వేల దుకాణాలు, స్నానశాలలు, మసీదులు కట్టించారన్న మాట పుస్తకాల్లో తరచుగా కనిపిస్తుంది. ఆ సంఖ్యను లెక్కగా కాక ప్రశంసగా తీసుకోండి. పరీక్షలో రాసేటప్పుడు కూడా ఆ తేడా చూపించండి.

17వ శతాబ్దంలో ఫ్రెంచి యాత్రికులు తావెర్నియె, తెవెనో ఇక్కడికి వచ్చారు. 1687లో ఔరంగజేబు గోల్కొండను జయించిన తరువాత రాజధాని హోదా పోయింది. 18వ శతాబ్దం ఉత్తరార్ధంలో నిజాం అలీ ఖాన్ మళ్ళీ హైదరాబాదును రాజధాని చేసుకోవడంతో చార్మినార్‌కు పడమర వైపు చౌమహల్లా మహలు, దాని చుట్టూ అమీర్ల దేవిడీలు పెరిగాయి. లాడ్ బజార్ అదృష్టం అక్కడ ఉంది. చార్మినార్‌కూ మహలు ప్రాంతానికీ మధ్య బాట మీద ఉన్న అంగడికి రాజకుటుంబం, జాగీర్దార్ల కుటుంబాలు సహజంగానే కొనుగోలుదారులయ్యాయి. గాజులు, అత్తరు, సుర్మా, జరీ బట్టలు, పెళ్ళి సామగ్రి ఈ వీధిలో దొరికేవి.

పేరు విషయం కూడా చెప్పుకోవాలి. లక్కను హిందీ ఉర్దూలలో లాఖ్ అంటారు, ఆ మాటే లాడ్‌గా మారిందని కొందరంటారు. ముద్దు, గారాబం అనే అర్థం గల లాడ్ నుంచి వచ్చిందని మరికొందరు. రెండూ వినడానికి బాగానే ఉంటాయి. విన సొంపుగా ఉన్నంత మాత్రాన వ్యుత్పత్తి రుజువు కాదు కాబట్టి రెండింటినీ జనశ్రుతిగానే నమోదు చేసుకోండి.

కొనేవారు పోయారు, కొత్తవారు వచ్చారు

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. భూస్వామ్యం అంతం కావడం సామాజికంగా ఎంత అవసరమైన మార్పో మీరు తెలంగాణ రైతాంగ పోరాటం పాఠంలో చదివారు. ఆ మార్పునే లాడ్ బజార్ దుకాణం గల్లా దగ్గర కూర్చుని చూస్తే మరో కోణం కనిపిస్తుంది. జాగీరు ఆదాయంతో నడిచిన ఇళ్ళు ఖర్చు తగ్గించుకున్నాయి. దేవిడీలు అమ్ముడుపోయాయి, కొన్ని కూలిపోయాయి. ఖరీదైన సరుకుకు నిలకడగా ఉన్న గిరాకీ సన్నగిల్లింది.

మరి వీధి ఎలా బతికింది? ఒక కారణం, సరుకు కిందికి దిగింది. మధ్యతరగతి కొనగలిగే ధరల్లో గాజులు వచ్చాయి. ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ నుంచి వచ్చే గాజు గాజులు ఇక్కడి లక్క గాజుల పక్కన చేరాయి. రెండో కారణం గల్ఫ్. 1970లలో చమురు ధరలు పెరిగి అరబ్బు దేశాల్లో పనులు మొదలయ్యాక హైదరాబాదు పాతబస్తీ నుంచి పెద్ద సంఖ్యలో యువకులు అక్కడికి వెళ్ళారు. వారు పంపిన డబ్బులో కొంత ఇంటి మరమ్మతుకు, కొంత అక్కాచెల్లెళ్ళ పెళ్ళిళ్ళకు ఖర్చయింది. పెళ్ళి అంటే గాజుల జత, గాజులంటే లాడ్ బజార్. ఆ విధంగా గల్ఫ్ జీతం ఈ వీధికి చేరింది.

ఇందులో ఏ ప్రభుత్వ పథకమూ లేదు, శిలాఫలకమూ లేదు. అయినా గత డెబ్బై ఐదేళ్ళలో ఈ వీధికి జరిగిన అతి పెద్ద పునరుద్ధరణ ఇదేనని నా అభిప్రాయం.

రాతి మీద పెట్టిన డబ్బు

ఇప్పుడు ప్రణాళికల వైపు చూద్దాం. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. 1912లో నగరాభివృద్ధి కోసం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలను తొలగించి, రోడ్లు వెడల్పు చేసి, చార్ కమాన్‌కు ఉత్తరాన పత్తర్‌గట్టీలో నల్లరాతి కమానుల వరస కట్టించింది. కింద దుకాణాలు, పైన గదులు. నేటికీ ముత్యాలు, బట్టల వ్యాపారాలు అక్కడ నడుస్తున్నాయి. దుకాణదారుకు ఎండా వానా తగలని వసారా, కొనేవారికి నడిచే చోటు, పైన నివాసం అన్నీ ఒకే కట్టడంలో ఇమిడాయి. అందం కోసం కట్టిన ముఖభాగం వ్యాపార అవసరానికి కూడా పనికి వచ్చింది. తరువాతి కాలంలో ఈ మేళవింపు అరుదైపోయింది.

1978లో జంటనగరాల యువతకు శిక్షణ, ఉపాధి కల్పించడానికి సెట్విన్ ఏర్పడింది. 1981లో పాతబస్తీ కోసం ప్రత్యేకంగా కులీ కుతుబ్ షా పట్టణాభివృద్ధి సంస్థను ఏర్పాటు చేశారు. 1995లో హైదరాబాదులో వారసత్వ కట్టడాల జాబితాను చట్టబద్ధం చేశారు. ఈ జాబితా కట్టడాల్ని రక్షించింది. కమాను కింద కూర్చుని గాజులు అమ్మే మనిషి గురించి అందులో ప్రస్తావన లేదు.

1990ల నుంచి చర్చలో ఉన్న చార్మినార్ పాదచారుల పథకం ఎన్నో వాయిదాల తరువాత 2010ల చివరికి ఒక రూపానికి వచ్చింది. చార్మినార్ చుట్టూ వాహనాలు ఆగిపోయాయి, నేల మీద రాతి పలకలు పరిచారు. పొగ నుంచి కట్టడానికి ఉపశమనం కలిగింది. దీన్ని తక్కువ చేయనవసరం లేదు. అయితే ఆ చుట్టుపక్కల బండ్ల మీద, నేల మీద సరుకు పరచుకుని అమ్మేవారిని ఎక్కడ ఉంచాలన్న వివాదం మాత్రం పథకంతో పాటే నడిచింది. ఢిల్లీ చాందినీ చౌక్‌లోనూ 2021లో ఎర్రకోట నుంచి ఫతేపురీ మసీదు వరకు సుమారు 1.3 కిలోమీటర్లు పునర్నిర్మించి, ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకు మోటారు వాహనాలను నిషేధించారు. పెద్ద దుకాణదారు సరుకును రాత్రి దించుకోగలడు. రోజు సరుకు రోజే తెచ్చుకునే చిన్న వ్యాపారికి ఆ వీలు తక్కువ. వీధిని అందంగా మార్చే ప్రతి నిర్ణయానికీ ఇటువంటి చిన్న లెక్క ఒకటి ఉంటుంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా మన నగరంలోనే ఉంది. 1935 నాటి మొజంజాహి మార్కెట్‌ను మరమ్మతు చేసి 2020 ఆగస్టులో మళ్ళీ ప్రారంభించారు. గడియార స్తంభం, రాతి గోడలు శుభ్రపడ్డాయి. పాత ఐస్‌క్రీం, అత్తరు దుకాణాలు కూడా అక్కడే ఉన్నాయి. సాయంత్రం అక్కడికి జనం వచ్చేది గడియారం కోసమా, ఐస్‌క్రీం కోసమా అన్నది మీరే ఆలోచించండి.

గాజు వెనక చేతులు

దుకాణంలో మెరిసే లక్క గాజు ఎలా తయారవుతుందో తెలియకపోతే ఈ వీధి ఆర్థిక చరిత్ర అర్థం కాదు. మోదుగ, రేగు, కుసుమ చెట్ల మీద లక్క పురుగులు స్రవించే జిగురే లక్క. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ వంటి రాష్ట్రాల నుంచి ఇది వస్తుంది. దాన్ని నిప్పుల మీద కరిగించి, రంగు కలిపి, కడ్డీగా సాగదీసి, వలయంగా వంచుతారు. వేడి ఆరకముందే అద్దాలు, పూసలు, రాళ్ళు ఒక్కొక్కటిగా చేత్తో పొదుగుతారు. ఇందులో చాలా పని పాతబస్తీ గల్లీల్లోని ఇళ్ళలో, చిన్న కార్ఖానాల్లో జరుగుతుంది. వ్యాపారి ముడిసరుకు ఇస్తాడు, ఇంట్లో స్త్రీలు రాళ్ళు పొదుగుతారు, కూలి జతల లెక్కన ముడుతుంది. ఐరోపా ఆర్థిక చరిత్రలో కార్ఖానాలకు ముందు ఇంటింటికీ పని పంచే పద్ధతి గురించి చదివారు కదా, అది పాఠ్యపుస్తకంలోనే మిగిలిపోయిన విషయం కాదు.

ఈ గొలుసులో చీకటి కూడా ఉంది. 2015 ఆరంభంలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి బిహార్ తదితర రాష్ట్రాలకు చెందిన వందలాది బాలలను పోలీసులు విడిపించారు. చిన్న వ్యాపారాన్ని ఆదుకోవాలని వాదించేవారు ఈ సంఘటనను దాటవేయకూడదు. సాయం దుకాణం దగ్గరే ఆగిపోతే, ధర తగ్గించాలన్న ఒత్తిడి మొత్తం గొలుసులో చివరివాడి మీద, ఒక్కోసారి పదేళ్ళ పిల్లవాడి మీద పడుతుంది.

ఇక పెట్టుబడి. రోజువారీ ఫైనాన్స్ పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. ఉదాహరణకు పదివేల అప్పు రాసుకుని చేతికి తొమ్మిది వేలు ఇస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కాని అసలు రోజూ తగ్గిపోతుంది కాబట్టి వంద రోజుల్లో సగటున అతని చేతిలో ఉన్నది నాలుగున్నర వేలే. ఆ లెక్కన వడ్డీ ఏడాదికి సుమారు 80 శాతం అవుతుంది. లాడ్ బజార్ వంటి చోట అమ్మకాలు రంజాన్ నెలకూ, పెళ్ళిళ్ళ కాలానికీ ముడిపడి ఉంటాయి. సరుకు ముందే కొని పెట్టుకోవాలి, డబ్బు తరువాత వస్తుంది. 2020లో సరిగ్గా రంజాన్ నెలలో లాక్‌డౌన్ అమలులో ఉంది. ఏడాదికంతటికీ ఆధారమైన కాలం పోతే అప్పు మాత్రం రోజూ పెరుగుతూనే ఉంటుందని వేరే చెప్పనక్కరలేదు.

2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. 1999 నాటి చట్టం ప్రకారం ఈ గుర్తింపు పేరును రక్షిస్తుంది. వేరేచోట యంత్రం మీద చేసిన గాజును హైదరాబాదు లక్క గాజుగా అమ్మడానికి వీలుండదు. అయితే ఆ పేరును చట్టబద్ధంగా వాడుకోవాలంటే తయారీదారు అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. ఇంట్లో కూర్చుని రాళ్ళు పొదిగే స్త్రీ పేరు ఆ నమోదులోకి రాకపోతే, గుర్తింపు వల్ల పెరిగిన ధర ఆమెదాకా వస్తుందన్న హామీ లేదు.

చట్టంలో ఒక వాక్యం

2014 వీధి వ్యాపారుల చట్టం గురించి చాలామందికి తెలిసింది పట్టణ వీధి వ్యాపార కమిటీ వరకే. ఆ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారుల ప్రతినిధులు, వారిలో మూడో వంతు స్త్రీలు ఉండాలి. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ ఖాళీ చేయించకూడదు. కాని చరిత్ర విద్యార్థులుగా మీరు చూడవలసింది రెండో షెడ్యూలు. యాభై ఏళ్ళకు పైగా వీధి వ్యాపారం సాగుతున్న సహజ బజార్లను వారసత్వ బజార్లుగా ప్రకటించాలని, అక్కడి వ్యాపారులను తరలించరాదని అందులో ఉంది.

దీని ప్రాముఖ్యం గమనించండి. 1995 జాబితా దృష్టిలో వారసత్వం అంటే కట్టడం. 2014 చట్టం దృష్టిలో ఒకే చోట దశాబ్దాలుగా సాగుతున్న కొనుగోలు అమ్మకాలు కూడా వారసత్వమే. చార్మినార్ పరిసరాల్లోని వాదోపవాదాలన్నిటికీ ఈ రెండు నిర్వచనాల మధ్య ఉన్న దూరమే మూలమని నేను భావిస్తాను. అమలు విషయానికి వస్తే, చట్టం పుస్తకంలో ఉన్నంత బలంగా బజారులో లేదని ఎవరైనా చెప్పగలరు.

2020 జూన్‌లో మొదలైన ప్రధానమంత్రి స్వనిధి పథకం వీధి వ్యాపారులకు హామీ లేకుండా 2025లో మార్పులు చేసేవరకు తొలి విడత 10 వేల రూపాయల వరకు, సకాలంలో తీర్చినవారికి తరువాత 20 వేలు, 50 వేలు అప్పు ఇచ్చేది. వడ్డీలో 7 శాతం రాయితీ ఉంది. పైన వేసిన 80 శాతం లెక్క పక్కన దీన్ని పెట్టి చూడండి. మొత్తం చిన్నదే. కాని రాతి పలకలకు పెట్టిన ఖర్చు ఇవ్వలేనిది, అంటే రేపటి సరుకు కొనుక్కునే స్వేచ్ఛ, ఈ చిన్న మొత్తం ఇస్తుంది. దుకాణదారుల విషయంలో సమస్య వేరుగా ఉంటుంది. పాత బజార్లలో తక్కువ అద్దెకు తరాలుగా ఉంటున్నవారిని అద్దె నియంత్రణ చట్టం కాపాడుతూ వచ్చింది. అద్దె రాదు కాబట్టి యజమాని పైకప్పు బాగుచేయించడు. ఎంత చక్కగా రంగులు వేసినా ఆ పైకప్పు కురుస్తూనే ఉంటుంది.

క్షేత్ర అధ్యయనం

మీ ఊళ్ళో కూడా ఒక పాత అంగడి వీధి ఉంటుంది. గుంటూరు పట్నం బజారు, విశాఖ కురుపాం మార్కెట్, విజయవాడ బీసెంట్ రోడ్డు వంటివి మీకు దగ్గరలో ఉండవచ్చు. ఒక ఉదయం అక్కడికి వెళ్ళండి. రద్దీ లేని వేళ ఎంచుకోండి. బేరాల సమయంలో ప్రశ్నలు అడిగితే ఎవరికైనా విసుగే. ఒక శాశ్వత దుకాణదారునీ, ఒక బండి వ్యాపారినీ పలకరించి, సరుకు ఎక్కడి నుంచి వస్తుందో, ఎవరు తయారు చేస్తారో, పెట్టుబడి ఎవరి దగ్గర తెస్తారో, ఆ చోట ఎన్నేళ్ళుగా ఉన్నారో తెలుసుకోండి. వారి పేర్లు రాయనవసరం లేదు. యాభై ఏళ్ళ లెక్క తేలాలంటే పాత అద్దె చీటీలు, మునిసిపల్ రసీదులు, దుకాణంలో గోడకు వేలాడుతున్న పాత ఫోటోలు పనికివస్తాయి. ఫోటో వెనక తారీఖు ఉందేమో తిప్పి చూడమని అడగండి.