టేప్ మాస్టరింగ్: డిజిటల్ పాటకు ‘వెచ్చదనం’
కంప్యూటర్‌లో మిక్స్ చేసిన పాటను మాగ్నెటిక్ టేపు మీదకు ఎక్కించి, మళ్లీ డిజిటల్‌లోకి తీసుకోవడమే టేప్ మాస్టరింగ్. యాంపెక్స్ ఏటీఆర్-102, స్టూడర్ ఏ80 వంటి పాత యంత్రాలకు ఇప్పటికీ గిరాకీ ఉన్నది ఇందుకే. ధ్వని స్థాయి పెంచేకొద్దీ టేపు మీది అయస్కాంత పూత సంతృప్త స్థితికి చేరుతుంది. డ్రమ్ దెబ్బల పదును తగ్గి, అసలు స్వరాలకు కొత్త హార్మోనిక్స్ తోడవుతాయి. శ్రోతలు వెచ్చదనం అంటున్నది ఈ వక్రీకరణనే. ఒకప్పుడు ఇంజినీర్లు వదిలించుకోవాలని చూసిన లోపమిది! టేపు సెకనుకు 15 అంగుళాల వేగంతో తిరిగితే బేస్ నిండుగా వినిపిస్తుంది, 30 అంగుళాలైతే ‘హిస్’ తగ్గుతుంది. అయితే పేలవమైన మిక్స్‌ను టేపు బాగుచేయదు. చేరిన వక్రీకరణను తర్వాత తీసేయడమూ కుదరదు. కాబట్టి టేపుకు ఎక్కించని డిజిటల్ ప్రతిని విడిగా దాచుకోవాల్సిందే. టేపు సరఫరా మరో చిక్కు: 2005 ఆరంభంలో అమెరికా తయారీ సంస్థ క్వాంటెజీ కర్మాగారం మూతపడగానే స్టూడియోలు మిగిలిన నిల్వల కోసం ఎగబడ్డాయి.