పిల్లాడు పడిపోతే చూసేదెవరు? సర్వర్లలో పీఐడీ 1 కథ

ఇవాళ్టి కథ నా పరువు పోయిన ఓ రాత్రి దగ్గర మొదలవుతుంది.

మొదటి ఉద్యోగం, రాత్రి రెండింటికి ఫోన్. చవగ్గా అద్దెకు తీసుకున్న వర్చువల్ సర్వర్‌లో డేటాబేస్ పడిపోయింది. స్టార్ట్ కొడితే "ఆల్రెడీ నడుస్తోంది" అంటుంది. చూస్తే ఎక్కడా నడవట్లేదు. చిరాకొచ్చి స్టాప్ కొట్టాను. మరుక్షణం మెయిల్ సర్వర్ కూడా పోయింది! పొద్దున్నే మేనేజర్ ముందు నిలబడి నా తప్పేనని ఒప్పేసుకున్నా. ఆ తప్పు నేను పుట్టకముందే మొదలైందని చాలా రోజుల తర్వాత తెలిసింది.

1983లో ఏటీ అండ్ టీ సిస్టమ్ ఫైవ్ యూనిక్స్‌ని విడుదల చేసింది. మెషీన్ ఆన్ అవ్వగానే కెర్నల్ మొదట లేపే ప్రోగ్రామ్ ఇనిట్. దాని ప్రాసెస్ నంబర్, అంటే పీఐడీ, ఎప్పుడూ 1. అది స్క్రిప్టుల్ని నడుపుతుంది, ఆ స్క్రిప్టులు సర్వీసుల్ని లేపుతాయి. సర్వీసేమో కావాలనే తనని లేపినవాళ్ల నుంచి విడిపోయి, బ్యాక్‌గ్రౌండ్‌లోకి వెళ్లి, తన నంబర్‌ని ఓ ఫైల్లో రాసిపెడుతుంది. అదే పీఐడీ ఫైల్.

ఇది ఎలాంటిదంటే, హాస్టల్ వార్డెన్ రిజిస్టర్‌లో పేరు చూసి "పిల్లాడు లోపలే ఉన్నాడండీ" అని చెప్పడం. పిల్లాడు గోడ దూకి ఎప్పుడో వెళ్లిపోయి ఉండొచ్చు. మెమరీ అయిపోయి కెర్నల్ సర్వీస్‌ని చంపేస్తే, ఆ ఫైల్‌ని చెరిపే టైమ్ కూడా దానికి దొరకదు. కొన్నాళ్లకు అదే నంబర్ ఇంకో ప్రాసెస్‌కి వస్తుంది. లైనక్స్‌లో చాలాకాలం డిఫాల్ట్ పరిమితి 32,768, అది దాటితే మళ్లీ మొదటికి. నా విషయంలో డేటాబేస్ పాత నంబర్ మెయిల్ సర్వర్‌కి దక్కింది. నేను కొట్టిన స్టాప్ దాన్ని చంపింది.

దీనికి మందు 1990ల చివరికే ఉంది. డేనియల్ బెర్న్‌స్టీన్ అని, షికాగోలో లెక్కల ప్రొఫెసర్, క్యూమెయిల్ రాసింది ఆయనే. డెమన్‌టూల్స్ అనే చిన్న టూల్స్ సెట్ ఇచ్చాడు. ఐడియా సింపుల్: సర్వీస్ విడిపోకూడదు, తల్లి ప్రాసెస్ కిందే ఉండాలి. పిల్ల ప్రాసెస్ చనిపోతే కెర్నలే తల్లికి కబురు చెబుతుంది. రిజిస్టర్ అక్కర్లేదు. తల్లి వెంటనే మళ్లీ లేపుతుంది. తర్వాత గెరిట్ పేప్ అదే దారిలో రన్‌ఇట్ రాశాడు. ఇది పీఐడీ 1గా కూడా నడవగలదు.

అసలు మజా ఇక్కడుంది. 2001లో జాక్ జెలినా లైనక్స్-వీసర్వర్ మొదలుపెట్టాడు. ఒకే కెర్నల్ మీద విడివిడి గెస్టులు, అంటే ఇవాళ్టి కంటెయినర్లకి పెద్దన్న లాంటిది. కెర్నల్ ముందే నడుస్తోంది కాబట్టి గెస్టుకి బూట్ అవ్వడమంటూ ఉండదు. మామూలు పద్ధతిలో హోస్ట్ వచ్చి గెస్ట్ లోపలి స్టార్ట్ స్క్రిప్టుల్ని నడిపి వెళ్లిపోతుంది. లోపల సొంత ఇనిట్ ఉండదు!

డెమన్‌టూల్స్ ఇన్‌స్టాల్ చేస్తే అది ఇనిట్‌ట్యాబ్ అనే ఫైల్లో ఓ లైన్ చేరుస్తుంది: నన్ను లేపు, పడిపోతే మళ్లీ లేపు అని. ఆ ఫైల్ చదవాల్సింది ఇనిట్. ఇనిట్టే లేని గెస్టులో ఆ లైన్ అలాగే పడుంటుంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. కాపలావాడు ఉన్నాడనుకుని మనం హాయిగా పడుకుంటాం.

దీనికి వీసర్వర్‌లోనే ప్లెయిన్ అనే ఇంకో పద్ధతి ఉంది. అందులో గెస్ట్ తన ఇనిట్‌ని తనే నడుపుతుంది, లోపలినుంచి చూస్తే దాని నంబర్ 1గానే కనిపిస్తుంది. ఆ కుర్చీలో రన్‌ఇట్‌ని కూర్చోబెట్టొచ్చు. రన్‌ఇట్‌కి మూడు దశలు. మొదటి దశలో మామూలుగా చేసే డిస్క్ చెకింగ్, గడియారం సెట్ చేయడం గెస్ట్ పని కాదు, హోస్ట్ చూసుకుంటుంది. వాటిని తీసేస్తే మిగిలేది కొంచెమే. రెండో దశే ప్రాణం: ఒక్కో సర్వీస్‌కి ఒక ఫోల్డర్, అందులో రన్ అనే చిన్న స్క్రిప్ట్, దానికో కాపలా ప్రాసెస్. మూడోది షట్‌డౌన్. మెమరీ పిసినారితనంగా ఇచ్చే గెస్టులకి ఇంత చిన్న కాపలావాడు సరిగ్గా సరిపోతాడు. నన్నడిగితే 2010లో వచ్చిన సిస్టమ్‌డీ కన్నా ఇది అర్థం చేసుకోవడం చాలా తేలిక, అయినా ఆ గొడవ ఇప్పుడొద్దు.

2008 జనవరిలో లైనక్స్ 2.6.24తో పీఐడీ నేమ్‌స్పేస్‌లు వచ్చాయి. ప్రతి కంటెయినర్‌కీ సొంత పీఐడీ 1. 2013లో డాకర్ వచ్చాక జనం ఆ కుర్చీలో నేరుగా తమ యాప్‌నే కూర్చోబెట్టారు. పాపం యాప్‌కి ఇనిట్ పనులు రావు. చచ్చిన అనాథ ప్రాసెస్‌ల లెక్క తేల్చదు, జాంబీలు పోగవుతాయి. ఆగిపొమ్మనే సిగ్నల్‌కి హ్యాండ్లర్ రాసుకోకపోతే, పీఐడీ 1 కాబట్టి అది దాన్ని తాకదు కూడా. డాకర్ స్టాప్ కొట్టాక 10 సెకన్లు ఊరికే ఆగిపోవడం చూశారా? చాలాసార్లు కారణం ఇదే. 2017 జనవరిలో డాకర్ 1.13లో ఇనిట్ అనే ఆప్షన్ చేర్చారు. అది టినీ అనే బుల్లి ప్రోగ్రామ్‌ని 1 నంబర్‌లో పెడుతుంది. కాకపోతే టినీ సర్వీస్‌ని మళ్లీ లేపదు. ఆ పని బయట డాకర్ రీస్టార్ట్ పాలసీ చూసుకోవాలి.

మీ కంటెయినర్‌లోకి ఒకసారి వెళ్లి పీఎస్ కొట్టండి. 1 పక్కన ఎవరి పేరుందో కింద కామెంట్‌లో రాయండి.