మత్తుమందు డాక్టరు అడిగిన ప్రశ్న

పోయిన సంవత్సరం మా పెద్దమ్మకు గాల్ బ్లాడర్‌లో రాళ్లకు ఆపరేషన్ జరిగింది. దానికి కొన్ని రోజుల ముందు మత్తుమందు డాక్టరుగారు బీపీ, షుగర్ సంగతులన్నీ అడిగి, చివరికి "మీరు ఆర్యవైశ్యులా అమ్మా?" అన్నారు. పెద్దనాన్నకు కోపం వచ్చేసింది. "ఆసుపత్రిలో కూడా కులం ఎందుకండీ?" అన్నారు. "ఒక మందు మీవాళ్లలో కొందరికి పడదు సార్, అందుకే అడిగాను" అని డాక్టరుగారు నెమ్మదిగా చెప్పారు. మా తాతల కాలం నుంచీ హోసూరులో కొట్టు నడుపుతున్నాం, ఈ మాట మాలో ఎవరికీ తెలియదు. మా సైన్స్ టీచరుగారిని అడిగి, చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ఆ మందు పేరు సక్సామెథోనియం. 1951లో యూరప్‌లో ఆపరేషన్లకు వాడడం మొదలుపెట్టారు. గొంతులోకి గొట్టం వేసే ముందు కండరాలు సడలడానికి దీన్ని ఇస్తారు. అప్పుడు ఊపిరి తీసే కండరాలు కూడా ఆగిపోతాయి కాబట్టి డాక్టర్లే ఊపిరి ఆడించాలి. మన కాలేయం తయారుచేసే బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ రక్తంలో ఉంటుంది. అది ఈ మందును కొద్ది నిమిషాల్లోనే విరగ్గొట్టేస్తుంది, మనిషి మళ్లీ తనంతట తాను ఊపిరి తీస్తాడు. ఆ ఎంజైమ్ పనిచేయనివాళ్లు మాత్రం గంటల తరబడి కదల్లేరు. ఊపిరి మిషన్ మీద ఉంచితే కోలుకుంటారు. డాక్టర్లు గమనించకపోతే ప్రాణానికే ముప్పు.

ఇలా ఎందుకవుతోందో మొదట్లో డాక్టర్లకు అర్థం కాలేదు. కెనడాలోని టొరంటోలో వెర్నర్ కాలో అనే శాస్త్రవేత్త 1957లో ఆ ఎంజైమ్‌లోని తేడాను పట్టే పరీక్ష కనిపెట్టారు. అది వంశపారంపర్యంగా వచ్చే తేడా అని తేలింది. మలేరియాకిచ్చే ప్రైమాక్విన్ కొందరిలో ఎర్ర రక్తకణాలను పగలగొట్టడానికి కారణం కూడా ఆ రోజుల్లోనే, 1956లో, దొరికింది. 1959లో ఫ్రీడ్రిక్ వోగెల్ ఈ చదువుకు ఫార్మకోజెనెటిక్స్ అని పేరు పెట్టారు.

ఇక మా సంగతి. కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయంలో ఆర్. బూపతి, ఐ. మనోహరన్‌గార్లు అమెరికా, జర్మనీ శాస్త్రవేత్తలతో కలిసి, వైశ్యుల్లో ఈ ఎంజైమ్ జన్యువులో ఒక మార్పును గుర్తించి 2006లో ప్రకటించారు. ఎంజైమ్‌లో 307వ చోట ల్యూసిన్ బదులు ప్రోలిన్ ఉందట. ఒక్క అక్షరం మారితే మాట మారిపోయినట్టు! ఈ లోపం వైశ్యుల్లో ఇతరులకంటే సుమారు 100 రెట్లు ఎక్కువని 2017లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో వచ్చిన వ్యాసం చెబుతుంది.

మావాళ్లలోనే ఎందుకు? దీనికి జవాబు 2009లో హైదరాబాదు సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ కలిసి చేసిన పరిశోధనలో ఉంది. వైశ్యులు 100 తరాలకు పైబడిన కిందట కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగారట. ఆ తర్వాత వ్యాపారానికి ఏ ఊరికి పోయినా సంబంధాలు మాత్రం మాలోనే కలుపుకున్నారు. ఆ కొద్దిమందిలో ఒకరికున్న మార్పు అలా చాలామందికి పాకింది. మేనరికాల వల్లనే అని చాలామంది అనుకుంటారు, మా మామయ్య కూడా అదే వాదిస్తాడు. కానీ వేరే గోత్రం వాళ్లను చేసుకున్నా ఆ పూర్వీకులు ఇద్దరికీ ఉన్నట్టే కదా. మన చరిత్ర పుస్తకంలో రాజులు, యుద్ధాలు ఉంటాయి గానీ పెళ్లి సంబంధాల సంగతి ఉండదు.

అయితే వైశ్యులందరికీ ఈ లోపం ఉండదు, ఇతర కులాలవాళ్లకూ ఉండవచ్చు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఇద్దరి దగ్గరా మారిన జన్యువే వచ్చినవాళ్లకే అసలు ఇబ్బంది. అందుకే కులం పేరు విని నిర్ణయించకూడదు, రక్తపరీక్ష చేయాలి. డాక్టరుగారి ప్రశ్న తప్పు కాదని ఇప్పుడు నాకనిపిస్తోంది, కానీ ఎందుకడుగుతున్నారో ముందే చెప్పి ఉంటే పెద్దనాన్నకు అంత బాధ కలిగేది కాదు.

పెద్దమ్మకు పరీక్షలో ఎంజైమ్ చాలా తక్కువని వచ్చింది. ఆ మందు మానేసి రోక్యురోనియం ఇచ్చి ఆపరేషన్ చేశారు. మూడో రోజు ఇంటికొచ్చింది. ఆమెకు పడని మందు పేరు డాక్టరుగారు ఒక చీటీ మీద రాసిస్తే పర్సులో పెట్టుకుంది. తోబుట్టువులకు కూడా ఉండే అవకాశం నాలుగింట ఒకటి కాబట్టి వాళ్లూ చూపించుకోవాలన్నారు. అమ్మ చేయించుకుంది, బాగానే ఉంది. కృష్ణగిరిలో ఉన్న మామయ్య మాత్రం "దీపావళి బేరాలు కానీయండి" అంటూ ఇంకా వాయిదా వేస్తున్నాడు.