సమవుజ్జీలకు తీర్పు ఎట్లు?

వార్తలలో ఆటల ఫలితములను చదువునప్పుడు మేము పలికెడివి రెండంకెలు మాత్రమే. ఒక జట్టుకు రెండు గోలులు, ఎదుటి జట్టుకు ఒకటి. అంతటితో శ్రోతకు విషయము తెలిసిపోవును. కాని ఒక్కొక్కప్పుడు ఆ రెండంకెలును సమానముగా నుండును. అయినను ఈ జట్టు ముందుకు సాగినదనియు, ఆ జట్టు ఇంటిదారి పట్టినదనియు చెప్పవలసి వచ్చును. సమానమైన అంకెలనుండి గెలుపోటములు ఎట్లు పుట్టినవి? దీనిని వివరించుటకు వార్తలలో వ్యవధి ఉండదు. ఆ లోటును ఈ ప్రసంగముతో కొంత తీర్చుకొందుము.

ఓడినవారు వైదొలగుచు, గెలిచినవారు ముందుకు సాగు పద్ధతిని నాకౌట్ పద్ధతి యందురు. ఇందులో తీర్పును వాయిదా వేయుటకు వీలులేదు. యూరోపు ఖండపు క్లబ్బుల కప్పు పోటీ డెబ్బది యేండ్లుగా ఈ తీర్పునకు తగిన నియమమును వెదకుచునే యున్నది. ఒక్కొక్క కాలమున ఒక్కొక్క నియమము వచ్చినది. నియమము మారినచో విజేతయు మారుననుటకు ఈ చరిత్రలో నిదర్శనములు కలవు.

1954 డిసెంబరులో ఇంగ్లండుకు చెందిన ఉల్వర్‌హాంప్టన్ వాండరర్స్ జట్టు, హంగరీకి చెందిన హాన్‌వేద్ జట్టును తన క్రీడాంగణములో 3-2 గోలులతో ఓడించెను. ఇక ప్రపంచములో తమ జట్టే మేటి యని అచటి పత్రిక చాటెను. పారిసునుండి వెలువడు క్రీడాపత్రిక 'లెకిప్' సంపాదకుడు గాబ్రియేల్ హనో దీనికి సమ్మతింపలేదు. సొంత ఇంట గెలిచిన మాత్రమున చాలదు, మాస్కోకును బుడాపెస్టుకును పోయి అచటను గెలువవలెనని ఆయన వాదము. ఇంట గెలిచి రచ్చ గెలువవలెనన్న మన సామెతయు ఇదియే గదా! 1955 ఏప్రిలులో క్లబ్బుల ప్రతినిధులు పారిసులో సమావేశమై పోటీకి రూపు కల్పించిరి. ఆ సంవత్సరమే సెప్టెంబరు 4వ తేదీన లిస్బన్ నగరములో తొలి ఆట జరిగెను. స్పోర్టింగ్, పార్టిజాన్ జట్లు చెరి మూడు గోలులు చేసి సరిసమానముగా నిలిచినవి. ఈ పోటీ సమానమైన అంకెలతోనే ప్రారంభమైనది!

తొలి యేడు 16 జట్లు పాల్గొన్నవి. ప్రతి జతకు రెండేసి ఆటలు: ఒకటి ఒకరి ఊరిలో, రెండవది వేరొకరి ఊరిలో. రెండాటల గోలులను కలిపి లెక్కించి, ఎక్కువ చేసినవారిని గెలిచినట్లు ప్రకటింతురు. ఈ ఏర్పాటు ఎంత అవసరమో ఒక్క ఉదాహరణముతో తెలియును. 1955 క్రిస్మస్ నాడు రియల్ మాడ్రిడ్ జట్టు తన ఊరిలో పార్టిజాన్‌ను 4-0 గోలులతో ఓడించెను. మరుసటి నెలలో బెల్‌గ్రేడ్ నగరమున, మంచు కప్పిన నేలపై, అదే జట్టు 0-3 గోలులతో ఓడెను. రెంటిని కలిపిన 4-3. ఒక్క గోలు తేడాతో గట్టెక్కిన మాడ్రిడ్ జట్టు 1956 జూన్ 13న పారిసులో ఫ్రాన్సుకు చెందిన రేమ్స్ జట్టును 4-3 గోలులతో ఓడించి తొలి కప్పును గెలుచుకొనెను.

రెండాటల మొత్తము సమానమైనచో ఏమి చేయవలెను? ఆనాటి నియమము సులభమైనది: మూడవ ఆట ఆడవలెను. 1956లో మాడ్రిడ్ జట్టునకు వియన్నాకు చెందిన రాపిడ్ జట్టు ఎదురుపడెను. మాడ్రిడ్‌లో 4-2 గోలులతో రియల్ గెలిచెను. వియన్నాలో ఎర్న్‌స్ట్ హాపెల్ ఒక్కడే మూడు గోలులు కొట్టగా రాపిడ్ 3-1తో గెలిచెను. మొత్తము 5-5. మూడవ ఆట ఉభయుల ఒప్పందముతో మాడ్రిడ్‌లోనే జరిగినది. సొంత జనుల నడుమ ఆడిన రియల్ 2-0తో గెలిచి, ఆ యేటి కప్పును గూడ చేజిక్కించుకొనెను.

ఇచ్చట ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. కాలాంతరమున వచ్చిన నియమము ప్రకారము, మొత్తము సమానమైనప్పుడు ఎదుటివారి గడ్డపై ఎక్కువ గోలులు కొట్టినవారిదే గెలుపు. రాపిడ్ మాడ్రిడ్‌లో రెండు కొట్టెను. రియల్ వియన్నాలో ఒక్కటే కొట్టెను. ఆ నియమము అప్పుడే యుండినచో, 1956 మొదలు 1960 వరకు వరుసగా ఐదు కప్పులు గెలిచిన మహాజట్టు రెండవ యేటనే నిష్క్రమించి యుండెడిది. ఆట అదే, గోలులు అవే. తీర్పు మాత్రము తలక్రిందులగును.

మూడవ ఆట న్యాయముగనే తోచును. కాని దానికి తేదీ కావలెను, ప్రయాణము కావలెను. ఆటగాండ్రు వారాంతమున తమ దేశపు లీగు పోటీలోను ఆడవలెను. వారము నడుమ చలికాలపు విమానములలో ఖండమంతయు తిరుగవలెను. ఈ పరుగులో ఎంత ప్రమాదము దాగియున్నదో 1958లో లోకము చూచినది. ఫిబ్రవరి 5న బెల్‌గ్రేడ్‌లో రెడ్ స్టార్ జట్టుతో 3-3గా ఆడి, మొత్తము మీద 5-4తో క్వార్టర్ ఫైనల్ గెలిచిన మాంచెస్టర్ యునైటెడ్ జట్టు మరునాడు స్వదేశమునకు బయలుదేరెను. శనివారమున లీగు ఆట కాచుకొని యుండెను. ఇంధనమునకై మ్యూనిక్‌లో దిగిన విమానము రెండుసార్లు పైకి లేవలేక ఆగిపోయెను. మూడవసారి కరిగిన మంచు పేరుకొనిన బాటపై వేగము చాలక, హద్దు దాటి కూలిపోయెను. అందున్న 44 మందిలో 23 మంది మరణించిరి. వారిలో ఎనిమిదిమంది ఆటగాండ్రు. మిగిలినవారితో కూర్చిన జట్టు సెమీఫైనల్‌లో మిలాన్ చేతిలో ఓడెను. పది సంవత్సరముల తరువాత, 1968 మే 29న, అదే క్లబ్బు బెన్ఫికాను 4-1తో ఓడించి కప్పును అందుకొన్ననాడు, మ్యూనిక్‌లో బ్రతికి బయటపడిన బాబీ చార్ల్‌టన్, బిల్ ఫౌక్స్ ఆ జట్టులో నుండిరి.

మూడవ ఆటయు సమానమైనచో? అప్పుడిక అదృష్టమే శరణ్యము. 1965లో పశ్చిమ జర్మనీకి చెందిన కొలోన్ జట్టును, ఇంగ్లండుకు చెందిన లివర్‌పూల్ జట్టును క్వార్టర్ ఫైనల్‌లో తలపడినవి. రెండాటలలోను ఒక్క గోలైనను లేదు. మార్చి 24న రాటర్‌డామ్‌లో మూడవ ఆట. కొలోన్ ఆటగాడు వోల్ఫ్‌గాంగ్ వెబర్ కాలి ఎముక చిట్లినది. ఆ కాలమున బదులు ఆటగానిని దింపు వీలు లేకుండెను గనుక అతడు ఆ కాలితోనే చివరిదాక ఆడెను. లివర్‌పూల్ రెండు గోలులు కొట్టెను. కొలోన్ ఆ రెంటిని తీర్చెను. అదనపు సమయముతో కలిపి మొత్తము 300 నిమిషములు ఆడినను ఎవరును ఓడలేదు. అప్పుడు రిఫరీ ఒక వైపు ఎరుపు, మరియొక వైపు తెలుపు గల బిళ్లను పైకెగురవేసెను. అది బురదలో నిటారుగా గ్రుచ్చుకొని నిలిచెను! బిళ్ల సైతము తీర్పు చెప్పుటకు సంకోచించినదా యనిపించును. రెండవసారి ఎగురవేయగా లివర్‌పూల్ వైపు పడెను. విరిగిన కాలితో ఆడినవానికి బొమ్మా బొరుసా చెప్పిన సమాధానమది.

పాచికలు చెప్పిన తీర్పును ధర్మరాజు తలవంచి అంగీకరించెను. కాని ఆ కథ వినువారి మనస్సు నేటికిని అంగీకరింపలేదు. బిళ్ల ఎవరి పక్షమును వహింపదు, నిజమే. కాని అది ఆటగాని నేర్పును, ఓర్పును ఒక్కసారియైనను అడుగదు. అందుచేతనే దాని తీర్పు నిష్పాక్షికమైనను న్యాయముగా తోచదు.

ఆ సంవత్సరముననే కప్పు విజేతల కప్పు అను సోదర పోటీలో ఎదుటివారి గడ్డపై కొట్టిన గోలుకు విలువ హెచ్చు నియమము ప్రవేశించినది. 1967లో క్లబ్బుల కప్పులోను దానిని తొలి దశయందు అమలు చేసిరి. పరాయి ఊరికి పోయిన జట్టు గోలు చేయుటకంటె గోలు పడకుండ కాచుకొనుటయే మేలని గుమిగూడి నిలుచుట ఆనాటి వాడుక. వారిని ముందుకు రప్పించుట ఈ నియమపు ఉద్దేశము. మూడవ ఆటను తప్పించుట రెండవ ప్రయోజనము. ఆ యేడే బెల్‌ఫాస్ట్‌కు చెందిన గ్లెంటోరాన్‌తో 1-1, 0-0గా ఆడిన బెన్ఫికా, బెల్‌ఫాస్ట్‌లో కొట్టిన ఒక్క గోలు బలముతో ముందుకు సాగి ఫైనల్ దాక పోయెను.

కాని ఈ నియమము అన్ని చిక్కులను విప్పలేదు. 1969 నవంబరులో గ్లాస్గోకు చెందిన సెల్టిక్ తన ఊరిలో 3-0తో గెలువగా, లిస్బన్‌లో బెన్ఫికా అదే 3-0తో బదులు తీర్చెను. పరాయి గడ్డపై ఎవరికిని గోలు లేదు. మరల నాణెమే దిక్కైనది. రిఫరీ గదిలో నాణెము ఎగిరెను. సెల్టిక్ నాయకుడు బిల్లీ మెక్‌నీల్ కోరిన వైపు పడెను. అంతకుముందు సంవత్సరము మెక్సికో ఒలింపిక్స్‌లో ఇజ్రాయెల్ జట్టు చీటీల తీర్పుతోనే బల్గేరియాకు దారి విడువవలసి వచ్చెను. ఆ దేశపు ఫుట్‌బాల్ సంఘమునకు చెందిన యోసెఫ్ దగాన్ దీనికి మారుగా పెనాల్టీ కిక్కుల పద్ధతిని ప్రతిపాదించెను. 1970 జూన్‌లో అంతర్జాతీయ నియమమండలి దానిని ఆమోదించెను. నవంబరు 4న ఎవర్టన్, బొరూసియా మున్షన్‌గ్లాడ్‌బాక్ జట్ల నడుమ ఈ కప్పులో తొలిసారిగా పెనాల్టీలు తీర్పు చెప్పినవి. ఎవర్టన్ తొలి కిక్కు వ్యర్థమైనను, చివరి కిక్కును వారి గోల్‌కీపరు ఆండీ రాంకిన్ ఆపగా 4-3తో గెలిచినది. 1986లో సెవిల్లా నగరమున జరిగిన ఫైనల్‌లో రుమేనియాకు చెందిన స్టేవా జట్టు గోల్‌కీపరు హెల్ముట్ డుకడామ్ బార్సెలోనావారి నాలుగు కిక్కులను వరుసగా ఆపి కప్పును గెలిపించెను. ఏ నాణెమునుండియు ఇట్టి కీర్తి పుట్టదు.

పరాయి గడ్డ నియమము మాత్రము కాలక్రమమున వింత రూపము దాల్చెను. 2003 సెమీఫైనల్‌లో మిలాన్, ఇంటర్ జట్లు తలపడినవి. రెంటికిని నగరమొకటే, క్రీడాంగణమొకటే. 0-0, 1-1 ముగిసిన తరువాత, రెండవ ఆటలో 'అతిథి'గా పేర్కొనబడిన మిలాన్ ముందుకు సాగెను. తన ఇంటిలో తాను అతిథియై గెలిచి, ఆ యేటి కప్పును గూడ పొందెను! ఇంతలో ప్రయాణములు సుఖమైనవి, మైదానములు ఒక తీరునకు వచ్చినవి. యూరోపు సంఘపు లెక్కల ప్రకారము 1970ల నడిమి కాలమున నూటికి 61 ఆటలు సొంత ఊరివారు గెలువగా, అతిథులు 19 గెలిచిరి. తరువాతి కాలమున అది 47కును 30కిని వచ్చినది. కారణము సన్నగిల్లిన నియమము నిలువరాదని 2021 జూన్ 24న దానిని రద్దు చేసిరి. అప్పటినుండి సమానమైనచో అదనపు సమయము, పిదప పెనాల్టీలు.

వెదకులాట ఇంకను ముగియలేదు. 2025 మార్చిలో అట్లెటికో మాడ్రిడ్ ఆటగాడు హూలియాన్ ఆల్వారెజ్ పెనాల్టీ కొట్టుచు కాలుజారెను. బంతికి రెండు కాళ్లును తగిలినవని ఆ గోలును కొట్టివేసిరి. రియల్ మాడ్రిడ్ గెలిచెను. కొలది నెలలకే నియమమండలి, అనుకోకుండ అట్లు జరిగి గోలైనచో కిక్కును మరల కొట్టనీయవలెనని తేల్చెను. ఆల్వారెజ్ జట్టునకు అది చెల్లలేదు, తరువాతివారికి చెల్లును.

ఈ నియమములలో లోపములేనిది ఒక్కటియు లేదు. అయినను నడిచిన దారి ఎటువైపో స్పష్టము. ఓడినవాడు, "నాకు అవకాశము చిక్కినది, నేను చేయలేకపోతిని" అని తలచి ఇంటికి పోగల తీర్పువైపునకే ఈ పోటీ మెల్లమెల్లగా నడిచినది. గెలిచినవానికి ఏ నియమమైనను మంచిదే. నియమపు మంచిచెడ్డలు తెలియునది ఓడినవానికే. వెబర్ కాలి నొప్పి, కొలోన్ వారి మౌనము ఏ ఫలితముల పట్టికలోను కనబడవు. ఇకమీదట సమానమైన రెండంకెలు రేడియోలో వినబడినప్పుడు, ఆ రెంటి నడుమ తీర్పు చెప్పిన నియమమేదియో శ్రోతలు ఒక్కసారి తలపోయుదురు గాక.