యుద్ధకాలపు సంకీర్ణం: పంపకంలో మన వాటా

చరిత్ర మాస్టారు సెలవు పెట్టిన ఒక రోజున, తెలుగు పంతుల్నైన నేను ఆయన తరగతికి వెళ్లవలసి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం పాఠం. "చర్చిల్ మంత్రివర్గంలో లేబర్ పార్టీ వాళ్లు కూడా ఉన్నారు గదా మాస్టారూ, మరి మనవాళ్లను జైళ్లలో ఎందుకు పెట్టారు?" అని ఒక కుర్రవాడు అడిగాడు. చర్చిల్ సామ్రాజ్యవాది అని చెప్పి తప్పించుకున్నాను. ఆ సమాధానం చాలదని నాకప్పుడే తెలుసు.

1940 మే 10న చర్చిల్ ప్రధాని అయ్యాడు. ఐదుగురితో ఏర్పడిన యుద్ధ మంత్రివర్గంలో చాంబర్లేన్, హాలిఫాక్స్‌ల సరసన లేబర్ నాయకులు ఆట్లీ, గ్రీన్‌వుడ్ కూర్చున్నారు. రవాణా కార్మిక సంఘ నాయకుడు ఎర్నెస్ట్ బెవిన్‌కు కార్మికశాఖ దక్కింది. అప్పటికి ఆయన పార్లమెంటు సభ్యుడైనా కాదు. దీన్ని చర్చిల్ ఔదార్యంగా భావించనక్కరలేదు. ఫ్యాక్టరీ నడవనిదే ఫిరంగి పేలదు, కార్మికుడు ఒప్పుకోనిదే ఫ్యాక్టరీ నడవదు. ఆ ఒప్పుదల పాలకవర్గానికి అవసరమైంది.

కార్మికవర్గానికి ప్రతిఫలం దక్కింది, మూల్యమూ చెల్లించింది. 1942 డిసెంబరులో వెలువడిన బెవరిడ్జ్ నివేదిక సాంఘిక భద్రతా వ్యవస్థకు దారి వేసింది. కాని 1940 జూలైలోనే బెవిన్ ఉత్తర్వు సమ్మె హక్కును దాదాపు హరించివేసింది. 1941 జనవరిలో కమ్యూనిస్టుల 'డైలీ వర్కర్' పత్రికను మూయించిన హోంమంత్రి హెర్బర్ట్ మారిసన్ కూడా లేబర్ పార్టీవాడే. పత్రికలు నడిపే మనం మరువకూడని సంగతి ఇది.

ఇక ఇండియా విషయం. ఆ శాఖ కన్సర్వేటివ్ పార్టీకి చెందిన ఏమరీ చేతిలో ఉండిపోయింది. 1942 మార్చిలో వచ్చిన క్రిప్స్ రాయబారం విఫలమైంది. ఆగస్టులో చర్చిల్ కైరో, మాస్కో ప్రయాణంలో ఉన్నాడు. కాంగ్రెసు నాయకుల అరెస్టుకు లండన్‌లో ఆమోదముద్ర వేసిన మంత్రివర్గానికి అప్పుడు అధ్యక్షత వహించినవాడు ఉపప్రధాని ఆట్లీ. 9న అరెస్టులు జరిగాయి. 12న తెనాలిలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలి అయ్యారు. మరుసటి ఏడు బెంగాల్ కరువులో దాదాపు 30 లక్షలమంది చనిపోయారు. తిండిగింజల కోసం ఏమరీ, వైస్రాయి అడిగినా మంత్రివర్గం చాలినన్ని ఓడలు ఇవ్వలేదు. అందుకు నిరసనగా రాజీనామా చేసిన లేబర్ మంత్రి ఒక్కడూ లేడు.

ఆట్లీని ద్రోహి అని కొట్టిపారేస్తే చర్చ ముగియదు. 1947లో అధికారం బదిలీ చేసిన ప్రధాని కూడా ఆయనే. ఈ అయిదేళ్లలో మనిషి స్వభావం కంటె వస్తుగత పరిస్థితులు ఎక్కువ మారాయి: యుద్ధం బ్రిటిష్ ఖజానాను పీల్చివేసింది, 1946 ఫిబ్రవరిలో నావికులు తిరగబడ్డారు. చరిత్రను మంత్రుల మంచిచెడ్డల కథగా రాసే మన నవలాకారులు ఈ తేడాను గమనించాలి.

నెత్తురు చిందిన ఆ తెనాలిలోనే, ఆరు నెలలకు, 1943 ఫిబ్రవరిలో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగింది. ఫాసిజంపై పోరు ముందా, సామ్రాజ్యంపై పోరు ముందా అన్న ప్రశ్న ఆనాటి ప్రతి రచయిత ముందూ నిలిచింది. ఫాసిజం ఓడాలని కోరడం ముమ్మాటికీ సరైనదే. దాన్ని ఓడించే ప్రభుత్వం మనకేం మిగుల్చుతోందని అడగడం కూడా అంతే అవసరం. ఈ రెండూ ఒకే కలం రాయగలగాలి.

మర్నాడు ఆ కుర్రవాణ్ణి పిలిచి చెప్పాను: "వాళ్లు అధికారం పంచుకున్నారు నాయనా. పంపకం జరిగిన చోట మనం లేము."